అరోవానాకు మిడతలు

“కోడి తోలూ, కార్జమూ వేస్తాండారా? ఇంగ అది బతికినట్టే పో!” అన్నాడు పెంపుడు చేపల అంగడి సురేంద్ర.

ఎస్తేరు గల్లాపెట్టె దగ్గరికి జరిగింది.

“ఏం పెట్టల్లో చెప్పప్పా. మూడు దినాలాయ ముట్టలేదు. అడుగున పడి ఉండాది.”

చేప ఎస్తేరుది కాదు. అనంతపురంలో రోడ్ల కాంట్రాక్టరు ప్రణీత్ ఇంట్లో ఆమె పనిమనిషి. పోయిన ఏడాది ఆయనే పిలిచి మరీ పనిచ్చాడు. ఎంత మంచి మనసో అని వీధంతా మెచ్చుకుంది. ఆ ఇంటి హాల్లో, మనిషి పడుకునేంత గాజుతొట్టిలో, మూరెడు పొడవు అరోవానా చేప ఉంది. వాస్తు చెప్పే ఆయన మాట మీద తెచ్చారు. కొన్న కొత్తలో డబ్బా మేత వేసేవాళ్ళు. దాని ధర చూసి ప్రణీత్ కళ్ళు తేలేశాడు.

“చేపకు ఇంత దుడ్లా? చికెన్ అంగట్లో ఊరికే ఇచ్చే తోలు వేయండి. పోతే పోతాది” అన్నాడు.

హాలు నిండా పరిచింది మాత్రం ఇటలీ రాయి. ఎదుటి ప్రాణి తిండి దగ్గరికొచ్చేసరికి కొందరికి ఎక్కడలేని పొదుపూ గుర్తొస్తుంది.

సురేంద్ర విడమరిచి చెప్పాడు. కోడి కొవ్వు ఈ చేపకు అరగదు, లోపల పేరుకుని చంపేస్తుంది. చౌకగా వస్తాయని బతికున్న చిన్న చేపల్ని వేస్తే వాటి రోగాలు దీనికి అంటుకుంటాయి. చిన్న రొయ్యలు పొట్టు తీసి వేస్తే మంచిది.

“దినామూ రొయ్యలు యాడ తెచ్చేదప్పా?”

“అయితే మిడతలు పట్టు. మంచి బలం, దుడ్లు పెట్టే పనిల్యా. శెనక్కాయ చేన్లలోవి మాత్రం వద్దు, మందు కొట్టింటారు. బీట్లోవి పట్టు. వారానికొక దినం పస్తు పెట్టినా ఏం కాదు.”

“పస్తు సంగతి నాకు చెప్పొద్దులేప్పా.”

సురేంద్ర నవ్వాడు. “అయినా వాళ్ళ చేపకు నువ్వెందుకక్కా ఇంత ఇదైపోతాండావు? సస్తే ఇంకోటి కొంటారు.”

“అది సావగూడదు” అంది ఎస్తేరు. సురేంద్ర జాలిపడి గుప్పెడు డబ్బా మేత పొట్లం కట్టి ఊరికే ఇచ్చాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే లేచి రైలుకట్ట పక్క బీడుకు పోయేది. వానలు మొహం చాటేసిన ఏడు. గడ్డే మొలవని చోట మిడతలెక్కడివి? పాత చీరముక్క విసిరి, కంపచెట్లలో చేతులు గీరుకుని, నీళ్ళ సీసాలోకి నాలుగైదు పట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చేది.

అత్త మారెమ్మ కొన్నాళ్ళు చూసింది. ఇక ఆగలేకపోయింది.

“ఏమే ఎస్తేరూ, సంగటిలోకి ఇంత ఊరిబిండి నూరేకి తీరదు గానీ, వాళ్ళ చేపకు మిడతలు పట్టేకి తీరుతాదా? ఆ ఇంట్లో దాన్ని సాకేకి నీకు చేతులెట్ల వస్తాండాయే? తూ!”

ఎస్తేరు సీసా మూతకు సూదితో చిల్లులు పొడుస్తూ కూర్చుంది. మారెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

చేప మొదట మిడతల వైపు చూడనైనా చూడలేదు. ఆదివారం ప్రార్థన ముగించుకుని పోయి వేసినప్పుడు మాత్రం, అడుగు నుంచి ఒక్క ఊపున పైకొచ్చి టప్పున అందుకుంది.

“స్తోత్రం ప్రభువా!” అని అరిచేసింది ఎస్తేరు. కళ్ళ నిండా నీళ్ళు.

ప్రణీత్ భార్య రేఖ పగలబడి నవ్వింది. “ఏమే, కడుపున పుట్టిన బిడ్డ తిన్నట్టు ఏడుస్తాండావే!”

“అది బాగుండల్లక్కా.”

“విశ్వాసమంటే నీదేలే” అంది రేఖ, మనస్ఫూర్తిగానే.

కొన్నాళ్ళకు చేప ఒంటికి నిగారింపు వచ్చింది. తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు దర్జాగా తిరగసాగింది.

ఒక సాయంత్రం ప్రణీత్ స్నేహితుడొకాయన వచ్చాడు. తొట్టి వైపు చూసి, “ఇది పాతది కాదే?” అన్నాడు.

“పాతది పోయినాది కదన్నా, గుత్తి రోడ్డులో మా బండి పల్టీలు కొట్టిన దినం. నా ఒంటి మీద గీత పడలా. ఇంటికొచ్చి చూస్తే చేప సచ్చి తేలతాండాది. నా గండం అది నెత్తినేసుకొని పోయినాది. వాస్తాయన ముందే చెప్పినాడు, గండమొస్తే చేప పోతాది, మనిషి మిగులుతాడని.”

“మరి డ్రైవరు?”

ప్రణీత్ వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. మరీ అంతగా ఏం తగ్గించలేదు.

“వాడు పోయినాడు. తాగి తోలినది నేనే గానీ, వాడు తోలినట్టు రాయించినాం. ఈ ఏడు ఇంగో గండం ఉండాదంట. రానీ, నాకేమి? సచ్చేకి చేప ఉండాదిగా!”

ఇద్దరూ నవ్వుకుంటూ బయటికి పోయారు.

ఎస్తేరు సీసా పట్టుకుని తొట్టి దగ్గరికొచ్చింది. ఆమెను చూడగానే చేప పైకొచ్చింది. మూత తీసి, ఉన్నవాటిలో పెద్ద మిడతను ఏరి వేసింది.

“తిను తల్లీ, గట్టిగా బతుకు” అంది డ్రైవరు యేసన్న పెండ్లాం ఎస్తేరు, “ఈ తూరి ఆయప్ప గండం ఆయప్పే పడల్ల.”