ఏసీ కింద బిందె

కృష్ణ ఎండిపోయాక బెజవాడంతా ఏసీ నీళ్లే తాగుతోంది. గదిలో మనుషుల ఊపిరీ, చెమటా, కన్నీళ్లూ గాలిలోంచి లాగి, ఏసీ గొట్టం బిందెలోకి వదులుతుంది. అందుకే ఏ ఇంట్లోనూ వాకిట్లో ఏడవనివ్వరు.

అత్తగారు వకుళని గదిలోకి పిలిచి, తలుపు గడియపెట్టి, "మీ తమ్ముడు పోయాడే తల్లీ" అంది. వకుళ సాయంత్రందాకా నేలకి తల బాదుకుని ఏడ్చింది.

బిందె నిండాక అత్తగారు గడియ తీసింది. "ఊరుకోవే, వాడు గుండ్రాయిలా ఉన్నాడు. రేపు అల్లుడుగారొస్తున్నారు, నీళ్లు చాలొద్దూ?"

ఆర్నెల్లకి తమ్ముడు నిజంగానే పోయాడు. అత్తగారు మళ్లీ గడియపెట్టి చెప్పింది.

"మళ్లీ మొదలెట్టారా అత్తయ్యా!" అని వకుళ నవ్వేసి, బీరకాయ చెక్కు తీస్తూ కూర్చుంది.

అత్తగారు ఖాళీ బిందెలోకి తొంగిచూసింది. "తోడబుట్టినవాడికి చుక్క కన్నీరు రాల్చలేదు. ఎంత రాతిగుండే నీది!"