అడుగు లేని ఊబి

హలో, వినపడుతోందా? అందరూ బాగున్నారా? స్కావ్‌డాల్ నుంచి మీ పెద్దన్ననే. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించేసి రండి, చిన్న కథే.

ఆగస్టు నెల.

టోర్గ్రిమ్ గొర్రెల్ని చూసుకోవడానికి కొండెక్కాడు. కింద ఊబిలో ఎవరో ముసలాయన కనిపించాడు. చేతిలో బకెట్టు, భుజాన పొడుగాటి ఇనుపకడ్డీ.

టోర్గ్రిమ్ గొర్రెల సంగతే మర్చిపోయాడు.

ఆగస్టులోనే కదా ఊబిలో మూల్తె అనే అడవిపళ్లు బంగారంలా మెరిసేది. ఎక్కడ కాశాయో మా దగ్గర కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పరు.

"ఓ పెద్దాయనా! ఏ ఊరు?"

"దక్షిణాన బాబూ. ఐలిఫ్ అంటారు నన్ను."

"బకెట్లో ఏంటి?"

"బురద."

"మా అత్తగారూ ఇదే చెబుతుంది. పైన నాచు కప్పి, కింద పళ్లు దాస్తుంది."

ఐలిఫ్ బకెట్టు వంచాడు. నిజంగానే బురద.

"గట్టివాడివే! మరి పళ్లెక్కడ దాచావు?"

"నాకు షుగరు బాబూ. పళ్లు నేనేం చేసుకుంటాను?"

"జాగ్రత్త, ఈ ఊబికి అడుగు లేదు. దిగితే తేలవు."

"అలాగంటారు," అని ఐలిఫ్ ఇంకోచోట కడ్డీ దించాడు.

టోర్గ్రిమ్ తిన్నగా మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్లాడు. మేయరు ఓషిల్డ్ టేబుల్ నిండా కాగితాలు.

"అక్కా, ఊబిలో పళ్లదొంగ దూరాడు!"

"పళ్లు తర్వాత. ముందు నీ ఇంటి సంగతి చూడు," అంది ఓషిల్డ్. "అక్టోబరులో కౌన్సిల్ ఓటింగు. కొండకింద రోడ్డు మూసేస్తే మీ ఎగువ లోయలో ఏడిళ్లూ ఖాళీ చెయ్యాల్సిందే."

"రాళ్లు మా తాత కాలం నుంచీ పడుతున్నాయి కదక్కా."

"ఇప్పుడు బండరాళ్లు పడుతున్నాయి. వేరే దారుంటే ఊబిలోంచే. దానికి అడుగు లేదని నలభై అయిదేళ్ల కిందటే జిల్లావాళ్లు రాసిచ్చారు. నన్నేం చెయ్యమంటావు?"

టోర్గ్రిమ్ ఇల్లూ ఆ ఏడింట్లోనే ఉంది. అతని తాత కట్టిన ఇల్లది.

ఐలిఫ్ మాత్రం రోజూ వచ్చాడు. కొట్లో ఒకటే గుసగుసలు. ఎవరూ అతన్ని కాఫీకి పిలవలేదు.

తొమ్మిదోరోజు టోర్గ్రిమ్ కారు తీసుకెళ్లి ఊబి పక్కన ఆపాడు.

"ఎక్కు పెద్దాయనా. పడవ దగ్గర దింపుతాను."

"ఇంకో రెండ్రోజులుంటే అయిపోతుంది బాబూ."

"అవును, మా పళ్లన్నీ అయిపోతాయి."

ఐలిఫ్ నవ్వేసి కారెక్కాడు. దారిపొడుగునా దగ్గుతూనే ఉన్నాడు.

రేవులో టోర్గ్రిమ్‌కి మనసొప్పలేదు. దొంగైతే మాత్రం ఖాళీ కడుపుతో పంపుతామా? తన మధ్యాహ్నం బ్రెడ్డు, చీజు ఆయన చేతిలో పెట్టాడు.

"దేవుడు చల్లగా చూడాలి," అన్నాడు ఐలిఫ్.

అక్టోబరు వచ్చింది. కౌన్సిల్ హాల్లో ఏడిళ్లవాళ్లూ వచ్చి వెనక బెంచీల మీద కూర్చున్నారు. ఓటింగు పెట్టబోతూ ఓషిల్డ్ ఆ పొద్దున టపాలో వచ్చిన కవరు చించింది.

లోపల ఊబి మ్యాపు. నూట నలభై చోట్ల లోతు రాసి ఉంది. నడిమధ్య, రెండు మీటర్ల కిందే రాతినేల. ఎగువ లోయ దాకా రోడ్డు కోసం ఎర్రగీత.

జిల్లా నుంచి వచ్చిన ఇంజినీరు కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"లెక్క పక్కాగా ఉంది. చివర్న కొంచెం మిగిలింది, అది మా వాళ్లు కొలిచి సరిచూస్తారు. రోడ్డు పడుతుంది."

బెంచీల మీద ఎవరో ఏడ్చేశారు. మూసేద్దామని ఒక్క చెయ్యీ లేవలేదు.

"కానీ ఇక్కడ గీత వంకర తిరిగిందేంటి?" అన్నాడు ఇంజినీరు. "తిన్నగా కూడా రాయే ఉందిగా?"

టోర్గ్రిమ్ తొంగిచూశాడు. ఆ వంకర, తాత తనకొక్కడికే చూపించిన మూల్తె పళ్లచోటుని చుట్టి వెళ్తోంది.

"ఎవరు పంపారక్కా?"

"ఐలిఫ్ అట. కవరు మీద నంబరుంది."

ఓషిల్డ్ అక్కడే ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టింది. ఆయన కూతురు రగ్నీ ఎత్తింది.

"నాన్న పోయిన మంగళవారం కన్నుమూశారండీ. కవరు పోస్టులో వేశాకే ఆస్పత్రికి వస్తానన్నారు."

ఓషిల్డ్ కవరుని మెల్లగా టేబుల్ మీద పెట్టింది.

"మీ ఊరివాళ్లని ఎంత మెచ్చుకున్నారో! ఎవరో బ్రెడ్డు పెట్టి, కార్లో దింపారట కదా?"

టోర్గ్రిమ్ తల దించుకున్నాడు.

"అమ్మా, మా ఊబితో ఆయనకేం పని?" అనడిగింది ఓషిల్డ్.



"దానికి అడుగు లేదని అప్పట్లో జిల్లా తరఫున రాసింది నాన్నేనండీ. రోడ్డు పడితే పళ్లు పోతాయని మీ లోయ రైతొకాయన తన పళ్లచోటు చూపించి, ఓ గిన్నెడు పళ్లు పెట్టి బతిమాలాడట, కుర్రతనంలో కాదనలేక రాసిచ్చేశారట. ఆ పళ్లచోటు ఎక్కడో నలభై అయిదేళ్లలో మాక్కూడా చెప్పలేదు."

ఇదండీ కథ. గుండె కలుక్కుమంటే మీ దగ్గరే ఉంచుకోకండి, కొత్త మనిషిని చూడగానే అనుమానపడే మీ వాళ్లెవరికైనా ఒక్కరికి పంపండి. ఉంటాను మరి.