కుదుపు లేని ప్రయాణం

పొద్దున్నే ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా కిందికి వేలాడుతోంది. పదింటికల్లా వాన పట్టుకుంది. అద్దెకు తెచ్చుకున్న కారవాన్ బండి ఆ వానలోనే ఊళ్ళోకి దిగింది.

బండి వెనకభాగమంతా గది. రెండు బల్లలు, ఒక స్టవ్వు, పక్కన కిటికీ. డ్రైవరు సీటుకూ గదికీ మధ్య చెక్క అడ్డం. అవతల అల్లుడు నడుపుతుంటే ఇవతల మామ, అత్త, కూతురు కూర్చున్నారు.

మామ ముప్పై ఏళ్ళు లారీ తోలినవాడు. మోకాళ్ళు మొరాయించి ఇంటిపట్టున ఉన్నాడు గానీ, లారీ తాళంచెవి ఆయన జేబు దాటలేదు. అది తనకిస్తే నడుపుకుంటానని అల్లుడు రెండేళ్ళుగా అడుగుతున్నాడు. ఈ ప్రయాణంలో బండి నడిపే తీరు చూసి చెబుతానన్నాడు మామ.

బండి గతుకులో పడి ఎగిరింది. మామ తల చెక్కకు కొట్టుకుంది.

"చూశావామ్మా మీ ఆయన తోలే వరస? బ్రేకు నొక్కమంటే తొక్కుతాడు. ఇతని చేతికి నా లారీ ఇస్తే ఇంజను ఒక దారి, చక్రాలు ఒక దారి."

"వాన కదా నాన్నా."

"ముప్పై ఏళ్ళూ నాకు ఎండే కాసిందా?"

ఇంకో రెండు కుదుపుల తర్వాత బండి సంత పక్కన ఆగింది. "గడియార స్తంభానికి దారి అడిగొస్తా," అని చెక్క అవతలి నుంచి అల్లుడి గొంతు. తలుపు పడిన చప్పుడు.

పావుగంటకు బండి కదిలింది. అత్త చెబితే గాని మామకు తెలియలేదు.

"గేరు మార్చిన చప్పుడేదే?" మామ చెక్కకు చెవి ఆనించాడు. ఇంజను ఎక్కడో దూరంగా మెత్తగా మూలుగుతోంది.

"మీ చేత మాటలు పడీ పడీ నేర్చుకున్నాడు లెండి," అంది అత్త.

నేల వెనక్కి వాలింది. ఉల్లిపాయ ఒకటి దొర్లుకుంటూ పోయింది.

"మిట్ట ఎక్కుతున్నాం," అన్నాడు మామ.

కిటికీలోకి గడియార స్తంభం వచ్చింది. కొబ్బరిచెట్ల వీధి వచ్చింది. ఓడలరేవు వచ్చింది.

"సముద్రం పక్కన కూడా మిట్టేనా?" అంది అత్త.

"నీకు రోడ్ల సంగతి తెలీదు, ఊరుకో."

"పోనీ ఇటు తిరిగి ఊరన్నా చూడండి."

"ఊరెక్కడికి పోతుంది? నన్ను విననీ."

ఒంటిగంటకు ఒక పొడుగాటి గోడ పక్కన బండి ఆగింది. నేల చదునైంది. కూతురు కంచాలు పెట్టింది. అల్లుడు రాలేదు.

"అలిగాడు," అంది అత్త. "మీరన్నవన్నీ విన్నాడు."

మామ గడ్డం గోక్కున్నాడు. "నేనే బతిమాలతాలే."

అరగంటకు తలుపు తెరుచుకుంది. అల్లుడు నిలువునా తడిసి, మోకాళ్ళ దాకా బురదతో రొప్పుతూ నిలబడ్డాడు.

"మామయ్యా, అసలేమైందంటే..."

"ఏం చెప్పకు. ఇంత వానలో కిందపడుకుని టైర్లన్నీ చూసుకున్నావు. అదీ డ్రైవరంటే." మామ జేబులోంచి తాళంచెవి తీసి అల్లుడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. "నిన్ను అనరాని మాటలన్నాను నాయనా. సంత నుంచి ఇక్కడిదాకా ఒక్క కుదుపు లేదు."

అల్లుడు మళ్ళీ నోరు తెరిచాడు. కూతురు అతని భుజం మీదుగా బయటికి ఒకసారి చూసి, తలుపు మూసేసింది.

"ముందు తినండి," అంది.

నలుగురూ కంచాల ముందు కూర్చున్నారు.

వాళ్ళకు ఊరంతా తిప్పి చూపించింది పోలీసుల క్రేను.