మిగిలిపోయిన ఒక్క లేబుల్

“కారు లేకుండా లేబుల్ ఎక్కడ అతికించమంటారు మేడమ్? మీ నుదుటి మీదా?”

సర్వీస్ సెంటర్ మేనేజర్ గొంతుకి కుర్చీల్లో కూర్చున్న వాళ్ళంతా తలెత్తారు. టైలరమ్మ మాత్రం ఒళ్ళో ఉన్న చొక్కాకి గుండీ కుడుతూనే ఉంది.

“కారుకే అతికిద్దురుగాని బాబూ. వస్తుంది.”

“వస్తుంది, వస్తుందంటూ రోజూ ఇదే పాట! బ్యాటరీ మూత మీద ‘ముట్టుకోవద్దు, షాక్ కొడుతుంది’ అనే లేబుల్ వేయడం కంపెనీ వాళ్ళు మరిచిపోయారు. కార్లన్నీ వెనక్కి పిలిపించి అతికించాం. మీదొక్కటే మిగిలింది. మేం కారు తెమ్మంటే మీరు కుట్టుపని తెచ్చుకుంటున్నారు!”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

“కారు నా పేరు మీదే ఉంది. నడిపేది మా చెల్లెలు,” అంది టైలరమ్మ. “దాంట్లోనే ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఈ లేబుల్ సంగతి కారు తెర మీద రోజూ కనిపిస్తుందట కదా? ఊరు మొత్తానికి ఈ కంపెనీ సెంటరు మీదొక్కటే. ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడికి రాక ఎక్కడికి పోతుంది?”

మేనేజర్ గొంతు కాస్త తగ్గింది. “ఫోన్ చేసి రమ్మనొచ్చుగా?”

“నంబరు మార్చేసింది. మార్చదూ మరి? ‘ఇంక నీ మొహం నాకు చూపించకు’ అన్నాను. కాలు జారితే తీసుకోగలం గాని, నోరు జారితే తీసుకోలేం బాబూ.”

బయట హారన్ మోగింది. గాజు గోడ అవతల అచ్చం చెల్లెలి కారులాంటి నీలం రంగు కారు మెరిసింది. టైలరమ్మ చటుక్కున లేచి నిలబడింది. ఒళ్ళో చొక్కా జారి కింద పడింది. ఆ కారులోంచి గొడుగు పట్టుకుని ఒక పెద్దాయన దిగాడు. ఆమె మెల్లగా వంగి చొక్కా తీసుకుని దుమ్ము దులిపింది.

మేనేజర్ ఎదురు కుర్చీలో కూలబడ్డాడు. “నన్ను తిట్టుకోకండమ్మా. ఇవాళ్టితో ఈ పని అయిపోయింది. మిగిలిన లేబుల్ కంపెనీకి తిప్పి పంపేస్తున్నాం. రేపట్నుంచి మీరు వచ్చినా లాభం లేదు.”

“ఇంకొక్క రోజు?”

అతను తల అడ్డంగా ఊపాడు.

టైలరమ్మ సూదిని రీలుకి గుచ్చి, సంచి సర్దుకుని బయటికి నడిచింది. గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ స్టూలు మీంచి లేచాడు.

“అప్పుడే బయల్దేరారేంటమ్మా?”

“రేపట్నుంచి రావద్దన్నారు తాతా.”

అతను రోడ్డు వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. టోపీ తీసి చేతిలో నలిపాడు.

“మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఇంక దాచడం నా వల్ల కాదు. మీ చెల్లెలు రోజూ వస్తుందమ్మా. కారు ఆ మలుపు అవతలే ఆపేసి నడిచొస్తుంది. ‘అక్క వచ్చిందా? ఏమన్నా తిన్నదా?’ అని అడుగుతుంది. నా గది చాటున నిలబడి మిమ్మల్ని కాసేపు చూసుకుని వెళ్ళిపోతుంది.”

టైలరమ్మ సంచి కింద పెట్టి ఆ మలుపు వైపు తిరిగింది.

“ఇంత దూరం వచ్చి లోపలికి రాదేం? ఇంకా కోపం పోలేదా?”

“కోపం కాదమ్మా. నేనూ అడిగాను. లోపలికెళ్ళి ఆ లేబులేదో వేయించుకోరాదా తల్లీ అన్నాను.”

“ఏమంది?”

“‘వేయించుకుంటే రేపట్నుంచి అక్క ఇక్కడికి రాదుగా తాతా’ అంది.”