జానెడు కుర్చీ

"మా నాన్న కూర్చుంటాడని కొన్నానమ్మా. ఆయన కళ్ళజోడు పెడితేనే కుర్చీ నిండిపోయింది!" ఫోన్లో కొన్నాయన అరుస్తున్నాడు.

"బొమ్మల కుర్చీ, జానెడు ఎత్తు అని ఫొటో కిందే రాశాను కదా అన్నయ్యా?" అంది అమ్మినావిడ.

"రాతలెవరు చదువుతారమ్మా? ఫొటో చూసి కొన్నాను. ఒక్క స్టారే ఇస్తాను, చూస్తూ ఉండు!"

కిందటిసారి ఎవరో ఒక్క స్టార్ ఇస్తే నెలంతా బేరం లేదు.

ఆమె ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టింది. "కళ్ళున్నాయి గానీ చదవరు ఈ మనుషులు!"

కుర్చీ చేసిన మొగుడు చిత్రిక పట్టడం ఆపాడు. "ఏమంటాడు?"

"మనిషి కూర్చునే కుర్చీ అనుకున్నాడట."

అతని మొహం వెలిగిపోయింది. "నిజంగా అలాగే అనుకున్నాడా?"

ఆమె ఫొటో మళ్ళీ చూసింది. పక్కన ఏ వస్తువూ లేదు. నున్నటి చేతులు, బిగువైన అల్లిక. తనకే వెళ్ళి కూలబడాలనిపించింది.

"అన్నయ్యా, తప్పు మాదే. మా ఆయన మరీ బాగా చేసేశాడు. వెనక్కి పంపెయ్యండి."

అవతల నవ్వు వినిపించింది. "ఇంకెక్కడ పంపేది? మా పాప అప్పుడే బొమ్మను కూర్చోబెట్టేసింది. స్టార్లు అయిదూ ఇస్తాలే గానీ, ఆ ఫొటో మార్చమ్మా."

మొగుడు ఇంట్లో పిల్లిని తెచ్చి, ఇంకో కుర్చీ పక్కన కూర్చోబెట్టాడు. కుర్చీ దాని మెడ దాకా వచ్చింది. ఆమె ఫొటో తీసి పాతదాని చోట పెట్టింది.

టీ తాగేలోపే కొత్త బేరం వచ్చింది.

"పిల్లి చాలా బాగుందండీ. ఎంతకిస్తారు?"