కవరుతో నాటిన మొక్కలు

"ఇదేంటబ్బాయ్, కవరుతో సహా పాతేశావా?"

మామ్మగారి చేతిలో మందార మొక్క వేలాడుతోంది. ఆకులు వాడిపోయాయేమిటా అని కాస్త లాగిందో లేదో, సీసా మూతలా ఊడి చేతిలోకి వచ్చేసింది. అడుగున నర్సరీవాళ్ళ నల్ల కవరు నలగకుండా అలాగే ఉంది.

డ్రైవరు చేతిలోని నీళ్ళ పైపు జారిపోయింది. "మట్టి రాలిపోకుండా ఉంటుందని..."

"మట్టీ రాలదు, వేరూ కదలదు. నిన్ను గోనెసంచిలో కట్టేసి పరిగెత్తమంటే పరిగెత్తుతావా? ఎన్ని పాతావు ఇలాగ?"

"పన్నెండూ అంతే."

మామ్మగారు నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

అతను స్కూలు వ్యాను నడుపుతాడు. రెండు నెలల క్రితం బండి వెనక్కి తీస్తూ పార్కు కంచె గుద్దేశాడు. కంచె వెంట ఉన్న మొక్కల వరస మొత్తం చక్రాల కింద పడింది. పాడుచేసినవాడే బాగుచేయాలని, ఇరవై గంటలు ఆ పార్కులోనే పని చేయమని జడ్జిగారు తీర్పు చెప్పారు. చేసిన గంటలు రాసే కార్డు నిండేదాకా లైసెన్సు కోర్టులోనే ఉంటుంది. ఆదివారానికి నాలుగు గంటల చొప్పున నాలుగు వారాలు గడిచాయి. ఇవాళ ఐదోది, ఆఖరుది. పది గంటలకు కోర్టు ఆఫీసునుంచి క్లర్కమ్మ వచ్చి, పని చూసి, సంతకం పెట్టాలి. రేపు కూడా లైసెన్సు రాకపోతే వేరే డ్రైవరును పెట్టుకుంటానని వ్యాను ఓనరు తెగేసి చెప్పాడు.

ఇప్పుడు ఎనిమిదైంది.

"మామ్మగారూ, ఇవాళ్టికి మళ్ళీ గుంటల్లో పెట్టేద్దామండీ. పైకి బాగానే ఉన్నాయిగా. ఆవిడ తవ్వి చూస్తుందా ఏంటి?"

"ఆవిడ చూడదు. ఇంకో వారంలో మొక్కలే చెబుతాయి."

"అప్పటికి నా లైసెన్సు నా జేబులో ఉంటుంది."

మామ్మగారు అతణ్ణి ఎగాదిగా చూసింది. "నువ్వు పిల్లల్ని స్కూలు గేటు దగ్గర దింపుతావా, స్కూలు కనబడగానే రోడ్డు మీద దింపేస్తావా?"

"అదేం మాటండీ! గేటు లోపలిదాకా వెళ్తేగానీ బండి కదపను."

"మరి?"

అతను తల దించుకున్నాడు. "క్లర్కమ్మతో చెప్పేస్తారా?" అన్నాడు.

"చాడీలు చెప్పే తీరిక నాకెక్కడిది? గునపం పట్టుకురా. బ్లేడు నా సంచిలో ఉంది."

ఇద్దరూ వంగారు. అతను తవ్వి తీస్తుంటే, ఆవిడ కవరు నిలువునా కోసి, చుట్టలు చుట్టుకున్న వేళ్ళను జుట్టు చిక్కు తీసినట్టు చేత్తో విడదీసి, బకెట్టులో ఒకసారి ముంచి చేతికిచ్చేది.

"అలా తొక్కకు! అరచేత్తో అదుము. నీ బిడ్డకి దుప్పటి కప్పేటప్పుడు కాలితో కప్పుతావా?"

"నాకు పెళ్ళే కాలేదండీ."

"నలభై దాటాయి, ఇంకా కాలేదా? మొక్కకి కవరు తియ్యడం తెలియనివాడికి పిల్లనెవరిస్తార్లే."

అయిదో మొక్క దగ్గర ఉండగా పోస్టుమాస్టరుగారు అటు వచ్చారు. రిటైరయ్యాక ఈ పాడుబడ్డ పార్కును బాగుచేద్దామని కాలనీవాళ్ళను కూడగట్టింది ఆయనే. ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని ఆదివారం ఆదివారం పది మంది దాకా వస్తారు.

"ఏంటి మామ్మగారూ, నాటినవన్నీ పీకేస్తున్నారు?"

డ్రైవరు కోసిన కవర్లను బకెట్టు వెనక్కి తోశాడు.

"గుంటలు లోతు చాల్లేదండీ," అంది మామ్మగారు తల ఎత్తకుండా. "ఇక్కడ నేను చూసుకుంటాగానీ, మీరా బెంచీల సంగతి చూడండి. అక్కాచెల్లెళ్ళిద్దరూ బెంచీకంటే చీరలకే ఎక్కువ రంగు వేస్తున్నారు."

పోస్టుమాస్టరుగారు కంగారుగా బెంచీలవైపు నడిచారు. డ్రైవరు తరవాతి గుంట దగ్గరికి జరిగాడు.

"నాకంటే కోర్టు చెప్పింది. తెల్లారేసరికల్లా వచ్చి ఈ మట్టిలో పడి దొర్లడానికి మీకేం ఖర్మండీ?"

"మొక్క కనబడితే నా చెయ్యి ఊరుకోదు నాయనా, చిన్నప్పట్నుంచీ అంతే. ఇంట్లో బాల్కనీ నిండా కుండీలే. బట్టలు ఆరేసుకోవడానికి జానెడు చోటు లేదని మా కోడలు రోజూ తగువే. కబుర్లకేంగానీ, ఇంకా ఏడున్నాయి."

పన్నెండో గుంటలో నీళ్ళు ఇంకుతుండగా గేటు చప్పుడైంది. క్లర్కమ్మ ఫైలు చంకలో పెట్టుకుని తిన్నగా కంచె దగ్గరికే వచ్చింది. వరస వెంట ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచింది. ఒకచోట ఆగి, వంగి, మొక్కను పట్టుకుని పైకి లాగింది.

అతను కళ్ళు మూసుకున్నాడు.

మొక్క రాలేదు.

"బాగా నాటారే," అంది క్లర్కమ్మ, కార్డు మీద సంతకం పెడుతూ. "రేపు పొద్దున్నే కోర్టులో చూపించండి. లైసెన్సు అక్కడికక్కడే ఇచ్చేస్తారు."

అతను కార్డును రెండు చేతులా అందుకున్నాడు. జేబులో పెట్టుకుని గేటుదాకా వెళ్ళినవాడు మళ్ళీ వెనక్కి వచ్చి, పోస్టుమాస్టరుగారి ముందు నిలబడ్డాడు.

"వచ్చే ఆదివారం కూడా వస్తానండీ. ఎవరూ చెప్పకపోయినా సరే. ఈ మామ్మగారిలా ఊరికే చేసేవాళ్ళుంటే, నాకేం రోగం?"

పోస్టుమాస్టరుగారు తన టోపీ తీసి అతని నెత్తిన పెట్టారు. అతను మామ్మగారివైపు తిరిగి, "మీరూ ఉంటారుగా?" అన్నాడు.

"ఉండక ఎక్కడికి పోతాను నాయనా," అంది ఆవిడ, చేతులకంటిన మట్టి దులుపుకుంటూ.

క్లర్కమ్మ ఫైల్లోంచి ఇంకో కార్డు తీసింది.

"పార్కులో మొక్కలు దొంగిలించిన కేసులో మీకింకా ఎనిమిది గంటలున్నాయి, మామ్మగారూ."