బతికున్నవాళ్ళ గడి

"పేరు, పుట్టిన ఏడు, ఊరు. ఈ మూడింటిలో ఒక్కటి నిజమైనా చాలు, మనిషి దొరుకుతాడు," అంది టీచరమ్మ.

ఎదురుగా కూర్చున్న ఆమె తల దించుకుంది. భర్త తనకు చెప్పిన మూడూ అబద్ధాలేనని అప్పటికే తేలిపోయింది.

లైబ్రరీ మేడ మీద గదిలో వారానికోసారి జరిగే తరగతి అది. పాత రికార్డుల్లో తాతముత్తాతల్ని ఎలా వెతికి పట్టుకోవాలో నేర్పుతారు. మిగతావాళ్ళంతా సరదాకి వచ్చినవాళ్ళే. తమ ముత్తాత ఎవరో గొప్పవాడని తేలాలని వాళ్ళ ఆశ.

ఆమె ఒక్కతే కబురు చెప్పడానికి వచ్చింది.

భర్త పోయి ఏడాది కావస్తోంది. మిల్లులో ఫిట్టరుగా చేసేవాడు. తనవాళ్ళ గురించి ఎప్పుడడిగినా "నాకెవరూ లేరు" అనేవాడు. ఇంకాస్త గుచ్చితే, "ఆ తలుపు నేనే మూసి వచ్చాను," అని అటు తిరిగి పడుకునేవాడు. పోయిన రోజున ఆయన వైపు నుంచి ఒక్క ప్రాణీ రాలేదు. వచ్చినవాళ్ళంతా ఆమెను చూసి ఏడ్చారు. ఆయన కోసం ఏడవాల్సినవాళ్ళు ఎక్కడో ఉండే ఉంటారు. మనిషన్నాక ఆకాశంలోంచి ఊడిపడడు కదా! వాళ్ళకి చెప్పాలి. చెప్పేదాకా ఆమెకు ముద్ద దిగేలా లేదు.

టీచరమ్మకు డెబ్బై దాటాయి. పాత కాగితాల్ని పేలు చూసినట్టు చూస్తుంది. మచ్చుకి తన వంశవృక్షాన్నే గోడకు అంటించింది. పైనున్నవాళ్ళందరూ సిరాతో ఉన్నారు. పెన్సిలుతో రాసిన టీచరమ్మ పేరు కింద మాత్రం, పెన్సిలుతోనే గీసిన గడి ఒకటి, ఖాళీగా ఉంది.

"మేడమ్ గారూ, మీ కింద గడి ఖాళీగా ఉందే. అద్దెకిస్తారా?" అన్నాడు రిటైరైన పోస్ట్‌మాస్టరు, మొదటిరోజునే.

"అది బతికున్నవాళ్ళ గడి. మన పేరు తప్ప, బతికున్న మరెవరి పేరూ వయసూ గోడకెక్కించకూడదు. మనిషి పోయాకే సిరా. ఇది మొదటి నియమం, రాసుకోండి."

అందరితోపాటు ఆమె కూడా రాసుకుంది.

ఆమె కోసం టీచరమ్మ చేయని ప్రయత్నం లేదు. ఓటర్ల జాబితాలు తెప్పించింది. స్కూలు రిజిస్టర్లు తిరగేయించింది. ఒక్కో వరస మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ ఆమె చదువుతుంటే, పక్కనే కూర్చుని ఓపిగ్గా వింది. ఎటు నుంచి వెళ్ళినా పెళ్ళి రిజిస్టరు దగ్గరే దారి ఆగిపోయేది. అంతకుముందు ఆ పేరు గల మనిషి ఈ లోకంలో ఎక్కడా లేడు.

"మీ ఆయన పెళ్ళిరోజునే పుట్టినట్టున్నాడు తల్లీ," అంది టీచరమ్మ నీరసంగా.

"మా ఇంట్లో దానికి రివర్సు. నేను పెళ్ళిరోజునే పోయాను," అన్నాడు పోస్ట్‌మాస్టరు.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. పోస్ట్‌మాస్టరు నాలిక్కరుచుకుని, "ఏదో నోటి దురద చెల్లెమ్మా," అంటూ మంచినీళ్ళ సీసా అందించాడు.

"పోనీ, ఫొటో ఏమైనా ఉందా?" అంది టీచరమ్మ.

"పెళ్ళి ఫొటోలో కూడా మొహం పక్కకి తిప్పేసుకున్నారండీ. కానీ ఆయనకో అలవాటుండేది మేడమ్, అదేంటంటే..."

"అలవాట్లు రికార్డులకెక్కవమ్మా. కాగితం చూపించు, పట్టుకుంటాను."

ఆమె మిగతాది మింగేసింది. చెప్పినా నవ్వుతారు. ఇంటికి తాళం వేశాక ఆయన తలుపుకి చెవి ఆనించి, "లోపలున్నావా?" అని అడిగేవాడు. ఓ క్షణం ఆగి విని, అప్పుడు తాళంచెవి జేబులో వేసుకునేవాడు. ఇంట్లో ఉండేదే ఇద్దరు. "నేనిక్కడే ఉన్నాను కదా, లోపలున్నది ఎవరు, మీ ముత్తాతా?" అని ఆమె వేళాకోళమాడేది. చిన్నప్పుడు ఒకసారి తను లోపలుండగా చూసుకోకుండా బయట తాళం వేసేశారని మాత్రం చెప్పాడు. ఎవరు వేశారో చెప్పలేదు.

చివరి తరగతి కూడా అయిపోయింది. ముత్తాతలు దొరికినవాళ్ళు ఒకరికొకరు చూపించుకుని మురిసిపోయి వెళ్ళారు. ఆమె కాగితం మీద ఒకే ఒక్క పేరుంది, అదీ దొంగపేరు.

ఆ రోజు అటెండరు సెలవు పెట్టడంతో తాళంచెవి టీచరమ్మ దగ్గరే ఉంది. గోడ మీది వంశవృక్షాన్ని తీసి చుట్టచుట్టి, "కాస్త పట్టుకో తల్లీ," అని ఆమె చేతిలో పెట్టింది. దీపాలార్పి ఇద్దరూ బయటికొచ్చారు.

"నా విద్యంతా ఖర్చుపెట్టాను. నా వల్ల కాలేదు."

"మీరేం చేస్తారండీ. నా రాత అలా ఉంది," అంది ఆమె. "ఆయన పోయారని వాళ్ళకెవరికీ తెలీదు. అదే నన్ను తినేస్తోంది."

"అలా అనుకోకు. కబురు అందనంతకాలం, వాళ్ళకి ఆయన బతికున్నట్టే."

ఆమె ఆ చుట్టను గుండెకి ఆనించుకుని, తలుపు పక్కకి జరిగింది.

టీచరమ్మ తాళం వేసి, ఒకసారి లాగి చూసి, తలుపుకి చెవి ఆనించి, "లోపలున్నావా?" అని అడిగి, ఓ క్షణం ఆగింది.